నెట్టునేల మీద పరామర్శ

పనిచిట్టా – 1

శిల్పం పని ఒప్పుకున్నవాళ్ళు చిట్టా రాయాలని కూడళ్ళ శాఖ నియమం. రాస్తున్నాను. నా పేరు ఈశ్వరాంబ. చేసేది రాతిపని. వయసు అడగకపోతే మంచిది. పని అయిపోయాక ఈ చిట్టాలన్నీ ఒక పెట్టెలో వేసి తాళం పెడతారని, ఎవరూ చదవరని వెనకటి పనుల్లోనే నాకు తెలిసిపోయింది. కాబట్టి ఇందులో నిజాలే రాస్తాను.

పని ఏమిటంటే నీళ్ళ కూడలి మధ్యలో ఒక శిల్పం నిలబెట్టాలి. పేరు వాళ్ళే పెట్టేశారు, ‘ప్రవాహం’ అట. జనం నడుస్తూ చూసేలా ఉండాలట, ఆగి చూసేలా ఉండకూడదట. ఎంత మంచి కోరికో! వంట మాత్రం చెయ్యి, ఎవరూ తినకూడదు అన్నట్లుంది.

ఇప్పుడు కొండలు తవ్వనివ్వరు కదా, శిథిలాల యార్డుకు వెళ్ళాను. పాత అపార్ట్‌మెంట్లలోంచి ఊడదీసిన వంటగట్టు బండలు గుట్టలుగా పడి ఉన్నాయి. నల్ల గ్రానైటు. సింకు కోసం కోసిన చదరపు కంత చాలావాటిలో ఉంది. ఒకదాని అంచున పసుపు మరక, ఎంత తోమినా పోలేదు. ఎవరో మహాతల్లి ఏళ్ళ తరబడి అక్కడే నిలబడి కూరగాయలు తరిగి ఉంటుంది. మంచి బండలు ఏరి పక్కన పెట్టించాను.

మా అన్న సదాశివాచారి పోయి ఇంకా పెద్దకర్మ కూడా కాలేదు. అప్పుడే పనిలోకి వచ్చావేమిటని యార్డులో అడిగారు. కూర్చుని ఏడవడానికి నాకో చోటు చూపించండి, రేపటి నుంచి రాను అన్నాను.

పనిచిట్టా – 2

పొద్దున నీళ్ళకు వెళ్ళాను. కూడలి గోడ పొడుగునా కుళాయిలు వరసగా ఉంటాయి. మొదటి కుళాయి కింద బిందె పట్టి నడక మొదలుపెడితే, ఒక్కో కుళాయీ కాస్త కాస్త పోస్తుంది, చివరి కుళాయి దగ్గరికి వచ్చేసరికి బిందె నిండుతుంది. ఆగే పని లేదు. ఆగితే నెట్టునేల ఊరుకోదు. ముందు అరికాళ్ళ కింద చీమలు పాకినట్లవుతుంది. అప్పటికీ కదలకపోతే కాళ్ళ కింది నేల మెల్లగా వాలుతుంది. మొండికేసి నిలబడ్డవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు.

వదిన మాణిక్యమ్మ నా ముందే ఉంది. అన్న ఉన్నన్నాళ్ళూ నీళ్ళు ఆయనే తెచ్చేవాడు. మోకాళ్ళ నొప్పులతో ఆమె ఇల్లు కదిలేది కాదు. ఇప్పుడు ఒక్కో అడుగూ మూలుగుతూ వేస్తోంది. గబగబా పక్కకు చేరాను.

“తిన్యావా వదినా?”

“తిన్యాలేమ్మా.”

అబద్ధం. జాకెట్టు భుజాల మీద వేలాడుతోంది.

“అన్నకు ఎట్లా జరిగింది వదినా?”

ఆమె ముఖం ఒక్కసారిగా నా వైపు తిరిగింది. “ఆ పొద్దున ఎప్పట్లాగే లేసినాడు. కాఫీ ఇచ్చినా. చక్కెర చాల్లేదన్యాడు. ఉన్నెదే అంత, తాగు అంటి...”

అంతవరకే. మేం కాపురముండే గూళ్ళ వైపు పోయే నడవ ఆమెను అటు తీసుకుపోయింది, యార్డు నడవ నన్ను ఇటు. వెనక్కి తిరిగి చూస్తే ఆమె పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

మా వాళ్ళలో చావింటికి వెళ్ళినవాళ్ళు కూర్చుని ఈ ఒక్క ప్రశ్నే అడుగుతారు, ఎట్లా జరిగిందని. ఇంట్లోవాళ్ళు ఆ పొద్దుటి నుంచి మొదలుపెట్టి చివరిదాకా చెప్పాలి. మధ్యలోంచి చెప్పడం ఉండదు. ఇంకొకరు వస్తే మళ్ళీ కాఫీ దగ్గర్నించి మొదలు. అలా చెప్పగా చెప్పగా ఎక్కడో ఒకచోట కట్ట తెగి ఏడుస్తారు, ఆ తర్వాతే ఇంత ముద్ద నోట్లోకి పోతుంది. వదిన ఇప్పటిదాకా ఎంతమందితో మొదలుపెట్టిందో! ఒక్కరితోనూ కాఫీ దాటలేదు. అన్న పోయినప్పటి నుంచి ఆమె కంట చుక్క రాలలేదు. ఇలాగే ఉంటే ఈమె కూడా ఆయన వెనకే పోతుంది. నాకు భయంగా ఉంది.

పనిచిట్టా – 4

మూడో చిట్టా మీద టీ ఒలికింది. పెద్దగా పోయిందేమీ లేదు, అందులో అంతా తిట్లే.

ఈరోజు వదిన గూటికి వెళ్ళాను. అన్నా వదినలది కూడలి మీదికి కిటికీ ఉన్న జంట గూడు. ఆయన పోగానే అది వెనక్కి తీసుకుని, ఆమెకు లోపలి వరసలో ఒంటి గూడు ఇచ్చారు. ఒక మంచం, ఒక పొయ్యి, అంతే. తలుపు ఒక్క మనిషి బరువే ఒప్పుకుంటుంది. నేను లోపల కాలు పెట్టానో లేదో గోడ కీచుమంటూ అరవడం మొదలుపెట్టింది. “నీ నోరు పడిపోను” అని గోడను తిట్టి బయటికొచ్చాను. వసారాలో నిలబడదామంటే అక్కడా నెట్టునేలే.

“ఫోన్లో చెప్పు వదినా, రాత్రికి చేస్తా” అన్నాను కదిలిపోతూనే.

“మొగం చూడకుండా ఏం జెప్పేదమ్మే? ఎదురుగా కూసుంటే చెప్తా. ల్యాకపోతే వద్దులే.”

ఆ ‘వద్దులే’ అన్న తీరు నాకు నచ్చలేదు. పోగొట్టుకున్నది ఇక వెతకను అన్నట్లుంది.

పనిచిట్టా – 5

నెట్టునేలను తిట్టేటప్పుడు నా నోరు సగంలో ఆగిపోతుంది. దాని నమూనా గీసింది మా అన్నే.

వరదలొచ్చిన ఏడు ఇదే నీళ్ళ కూడలిలో తొక్కిసలాట జరిగింది. ముందున్నవాళ్ళు ట్యాంకరు దగ్గర ఆగారు, వెనక నుంచి జనం తోసుకొచ్చారు. ఆ రోజు అన్న శవాలు మోశాడు. ఇంటికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. ఇంక ఈ ఊళ్ళో ఎవరూ అట్లా చావకూడదని కూర్చుని ఈ నేలను గీశాడు. మనిషి నిలబడితే మెల్లగా కదిలించాలి, పడిపోతే మాత్రం చుట్టుపక్కల నేలంతా ఆగిపోయి గంట మోగాలి. ఆ తర్వాత నిజంగానే తొక్కిసలాట అన్నది లేదు. ఆయన గొప్పవాడే, కాదనను. కానీ బెంచీలు పోయాయి, అరుగులు పోయాయి. అవి పోయిన సంగతి మా ఇంట్లో చావు వచ్చేదాకా నాకూ పట్టలేదు.

కూడళ్ళ శాఖ నుంచి యశోవర్ధన్ అనే అతను నమూనా చూడటానికి వచ్చాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచడు. ఇలాంటివాళ్ళతో పోట్లాడటం మహా కష్టం.

“రాళ్ళ బరువుకు నెట్టునేల తట్టుకోదు నాయనా. శిల్పం చుట్టూ గుండ్రంగా ఇంత మేర నేలను కదలకుండా బిగించాలి” అన్నాను.

“అంత మేర అవసరమా మేడం?”

“రాయి పడి ఎవరి తలైనా పగిలితే జవాబు నువ్వు చెప్తావా?”

ఆలోచించాడు. నమూనాలో చుట్టూ పేర్చిన పొట్టి బండలు చూపించి, ఇవేమిటని అడిగాడు. గట్లు అన్నాను. నీటికి గట్టుండాలి కదా, ప్రవాహం అన్నారు కదా! బాగుందన్నాడు పాపం. ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు.

అవి గట్లు కావు. మోకాలికి మోకాలు ఎదురుగా కూర్చునే పీటలు.

పనిచిట్టా – 9

ఈ వారమంతా కోత. గ్రైండరు దుమ్ముతో నా జడ సున్నం కొట్టినట్లయింది. పీట ఎత్తు వదిన మోకాళ్ళను బట్టి పెట్టాను, మరీ కిందికుంటే ఆమె లేవలేదు. ఎదురెదురు పీటల మధ్య దూరం మాత్రం చాలాసేపు తేల్చుకోలేకపోయాను. దూరమైతే మాట గట్టిగా అనాలి, దుఃఖంలో ఎవరూ గట్టిగా చెప్పుకోరు. దగ్గరైతే ఊపిరాడదు. చెయ్యి చాస్తే అవతలి మనిషి చెయ్యి అందాలి, అంతే అనుకుని కోశాను. సింకు కంతలున్న బండలను నిలువుగా మధ్యలో నిలబెట్టాను. ఆ కంతల్లోంచి ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

పసుపు మరక ఉన్న బండను వదిన కూర్చునే వైపు వేశాను. ఎందుకంటే చెప్పలేను. పనిచేస్తున్నంతసేపూ మనసు తేలిగ్గా ఉంది. నేను నేలను ఆపించాను, ఇక కాళ్ళు ఆగుతాయి, ఆగితే కూర్చుంటారు, కూర్చుంటే మాట్లాడుకుంటారు. వదిన ఒక్కతే కాదు, ఇలా గొంతులో కథ అడ్డంపడి తిరుగుతున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెంతమందో. అందరూ వస్తారనుకున్నాను.

పనిచిట్టా – 11

ఈరోజు ముసుగు తీశారు.

జనం వచ్చారు. బిగించిన నేల మీద అడుగుపెట్టారు. అరికాళ్ళ కింద ఏమీ పాకలేదని వాళ్ళకు తెలుస్తూనే ఉంది, కిందికి చూసుకున్నారు. ఒకావిడ పక్కావిడతో “ఇక్కడ ఏమన్నా పాడైందా?” అని కూడా అంది. అయినా ఒక్కరూ ఆగలేదు. శిల్పం చుట్టూ తిరిగారు. ఒక చుట్టు, రెండు చుట్లు, తిరిగి తిరిగి తమ నడవ పట్టుకుని వెళ్ళిపోయారు.

నేనే ఒకాయనను పట్టుకున్నాను. పెద్దాయన, తెల్లటి మీసాలు. “కూర్చోండి, ఇది కూర్చోవడానికే” అన్నాను చెవిలో. ఆయన ముఖం వెలిగింది. పీట మీద కూర్చున్నాడు. కూర్చున్న వెంటనే మడమలు నేలకేసి తడతడ కొట్టుకున్నాయి. చేతులతో మోకాళ్ళు అదిమి పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడు, సిగ్గుపడుతున్నాడు.

“కుదరడంలేదమ్మా. చిన్నప్పుడు మా నాన్నతో సినిమాహాల్లో మూడు గంటలు కూర్చునేవాణ్ణి తెలుసా?” అని లేచిపోయాడు. లేచింది ఆయన కాదు, ఆయన కాళ్ళు.

నా మొహానికి ఇది ముందే తట్టొద్దూ! నేలను ఆపితే చాలనుకున్నాను. నేల ఎప్పుడో వాళ్ళ కాళ్ళల్లోకి ఎక్కేసింది. యార్డులో నేను పీటల మీద కూర్చుని చూశానే, అప్పుడు నాకేం కాలేదే అనుకుంటే, అప్పుడు నా చేతిలో ఉలి ఉంది. పని ఉన్నంతసేపు శరీరానికి ఆగినట్లు అనిపించదు కాబోలు.

యశోవర్ధన్ ముఖం మాత్రం దీపావళిలా ఉంది. “అద్భుతం మేడం! జనం తమంతట తామే గుండ్రంగా తిరుగుతున్నారు. ఎక్కడా గుద్దుకోవడం లేదు. మేం ఇన్నేళ్ళుగా సాధించలేనిది మీరు రాళ్ళతో సాధించారు” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలనుకుని ఒక శాలువా కప్పాడు.

పనిచిట్టా – 12

శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళోని అన్ని కూడళ్ళలోనూ ఇలాంటివి పెట్టాలట, ఆ పని కూడా నాకేనట. ఒక చిన్న మార్పుతో. గట్లను ఎవరూ వాడటం లేదు, పైగా కాళ్ళకు అడ్డం, కాబట్టి వాటిని తీసేయాలి. నీళ్ళ కూడలిలో ఉన్నవి రేపు పొద్దున కోసేస్తారట.

యశోవర్ధన్ దగ్గరికి పోయాను. అతని పక్కనే నడుస్తూ, సిగ్గు విడిచి అసలు సంగతి చెప్పేశాను. అవి గట్లు కావని, మా వదిన కోసమని.

“మా అమ్మ పోయినప్పుడు నన్నూ ఎవరూ అడగలేదు మేడం” అన్నాడు. ఇంకేదో అనబోయాడు. అతని నడవ వేరే వైపుకు చీలింది. ఉత్తర్వు మారుతుందని నేను అనుకోవడం లేదు. మనుషులు చెడ్డవాళ్ళయితే ఇంత బాధ ఉండదు, నాలుగు తిట్టి పడుకోవచ్చు.

ఈ సాయంత్రం ఒక్కటే మిగిలింది. వదినను తీసుకొస్తాను.

పనిచిట్టా – 13

ఇది పీట మీద కూర్చుని రాస్తున్నాను.

వదిన దారంతా “ఎందుకమ్మే నన్ను ఇంత దూరం తిప్పుతావు?” అని సణుగుతూనే వచ్చింది. పీటను చూడగానే మాటాడకుండా మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. ఆమె కాళ్ళు కదల్లేదు. ఇన్నేళ్ళూ బయట తిరిగింది తక్కువ, ఆమెను ఈ నేల పూర్తిగా మార్చలేకపోయింది. ఎదురుగా నేను కూర్చున్నాను. చుట్టూ జనం తిరుగుతున్నారు.

“ఇప్పుడు చెప్పు వదినా. ఎట్లా జరిగింది?”

“ఆ పొద్దున ఎప్పట్లాగే లేసినాడు. కాఫీ ఇచ్చినా. చక్కెర చాల్లేదన్యాడు. ఉన్నెదే అంత, తాగు అంటి. తాగినాడు. బిందె తీసుకుని నీళ్ళకు దిగినాడు. నేను కిటికీ కాడ నిలబడుకోని చూస్తాంటి...”

ఆమె గొంతు వెనక నుంచి వినిపిస్తోంది. వెనక నుంచి ఎందుకు వినిపిస్తోంది? చూసుకుంటే నేను లేచి నడుస్తున్నాను. ఎప్పుడు లేచానో నాకు తెలియదు. జనంలో కలిసి శిల్పం అవతలి వైపుకు వచ్చేశాను. కంతలోంచి వదిన కనిపించింది, ఖాళీ పీట వైపు చూస్తూ నోరు మూసుకుని కూర్చుని ఉంది. నా జన్మలో అంత సిగ్గుపడింది లేదు. ఆ పీట కోసింది నేను. ఆ దూరం కొలిచింది నేను. పరుగున చుట్టు తిరిగి వచ్చి మళ్ళీ కూర్చున్నాను.

“తప్పయింది వదినా. చెప్పు, చెప్పు. కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నావు.”

“చూస్తాంటి. బిందె నిండినాక ఎదమీద చెయ్యి పెట్టుకున్యాడు. ఇటు చూస్తాడు, అటు చూస్తాడు. ఎవురినో ఎతుకుతాండాడు అనుకుంటి...”

మడమలు మళ్ళీ మొదలుపెట్టాయి. రెండు చేతులతో పీట అంచు పట్టుకున్నాను. ఒళ్ళంతా పైకి లేస్తోంది. “వదినా, నా వల్ల కావట్లా” అని ఏడ్చాను.

వదిన నన్ను చూసింది. నొప్పికి పళ్ళు బిగబట్టి, ఒక కాలును రెండు చేతులతో ఎత్తి నా తొడల మీద వేసింది. తర్వాత రెండోదీ వేసింది. వాచిపోయి ఉన్నాయేమో, ఎంత బరువో. నేను వాటి కింద ఇరుక్కుపోయాను.

“ఇంగ యాడికి పోతావు పో” అంది. తర్వాత ఆపిన చోటి నుంచే అందుకుంది.

“బిందె వంగి నీళ్ళు వలికిపోతాండాయి. కిటికీలోంచి కేకేసినా, సరిగ్గా పట్టుకో, సగం నీళ్ళు నేలపాలు చేస్తాండావు అని. తల పైకెత్తి నన్ను చూసి నగినాడు. మళ్ళా నడిసినాడు. మా గూటికి దోవ ఆడే ఉండాది, అయినా దాటుకోని పోయినాడు. కూడలంతా ఒక సుట్టు తిరిగినాడు ఈశ్వరీ. ఏం ఈయప్ప, దోవ మర్సిపోయినాడా అని నాకు కోపం. ఆ పక్క గోడ కాడికి పోయి, బిందె మెల్లగా దించి, గోడకు ఆనుకోని జారినాడు. అప్పుడు మోగింది గంట.”

“ముందే పడిపోవాల్సింది కదా? పడితే నేల ఆగేది, ఎవరైనా పట్టుకునేవాళ్ళు!”

“నీళ్ళ యాళ గదమ్మే. జనం కిక్కిరిసి ఉండారు. నడిమధ్యన పడితే నేల ఆగిపోతాది, వెనకోళ్ళు మీదబడి మళ్ళా తొక్కుకుంటారని ఆయనకు తెల్సు. అందుకే పడకుండా గోడ దాకా పోయినాడు. నేను ఈ కాళ్ళతో మెట్లు దిగొచ్చేసరికి ఆస్పత్రి బండోళ్ళు ఎత్తుకోని పోయినారు. బిందె ఉండాది ఆడ.”

నేను ఆమె కాళ్ళను గట్టిగా పట్టుకునే ఉన్నాను.

“ఆయన ఎవురినీ ఎతకలేదు ఈశ్వరీ. కూసునేదానికి చోటు ఎతుకుతాండె. ఈ ఊరంతా ఆయన గీసిందే. యాడా ఒక్క చోట కూడా కూసునేదానికి గీసుకోలేదు. నేనేమో పైనుంచి నీళ్ళు వలకబోయొద్దని అరిస్తి.”

అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. చెయ్యి చాస్తే అందింది. లాక్కుని భుజానికి ఆనించుకున్నాను. అన్నా, అన్నా అని నేను, ఏమయ్యా అని ఆమె, ఇద్దరం నోరు విడిచి ఏడ్చాం. తిరుగుతున్నవాళ్ళు మమ్మల్ని చూస్తూ తిరిగారు. ఒకామె ప్రతి చుట్టుకూ దగ్గరికొచ్చి వదిన వీపు తాకి పోయింది. ఇంకొకాయన చెంబుతో నీళ్ళు తెచ్చి, నడుస్తూనే నా చేతికందించాడు. ఆగాలని వాళ్ళకూ ఉంది. ముఖాలు చూస్తే తెలుస్తోంది.

ఏడ్చి ఏడ్చి వదిన ఆకలన్నది. మూటలో తెచ్చిన జొన్నరొట్టె తుంచి పెట్టాను, తిన్నది. కాసేపటికి వెనకున్న బండకు తల ఆనించి నిద్రపోయింది. పొద్దు వాలుతోంది. పొద్దున గ్రైండర్లతో మనుషులు వస్తారు. వచ్చి లెమ్మంటే అప్పుడు లేస్తాం.

ఆమె కాళ్ళు నా ఒళ్ళోనే ఉన్నాయి. ఆ బరువు కింద నా కాళ్ళు ఇప్పటికీ కదులుతూనే ఉన్నాయి.